మూడు చూపుల నక్షత్రం

ఆళ్లగడ్డకు నక్షత్రం పనిమీద వెళ్లొచ్చానంటే మా క్యాంటీన్‌లో ఇప్పటికీ నవ్వుతున్నారు. ఆళ్లగడ్డకు జనం రాతి విగ్రహం చేయించుకోవడానికి వెళ్తారు, అహోబిలం పోతూ దారిలో టీకి దిగుతారు, నక్షత్రం కోసం ఎవరెళ్తారు అని వాళ్ల ప్రశ్న. నవ్వనీ. నేను వెళ్లాను, మూడు రోజులు తిరిగొచ్చాను. వచ్చాక మనసు ఊరుకోక ఇది రాస్తున్నాను.

ముందు నా పనేమిటో చెప్పాలి. నేను బెంగుళూరులో నక్షత్రాల మీద పరిశోధన చేస్తాను. ఆ మాట వినగానే రాత్రంతా టెలిస్కోపు దగ్గర కూర్చుంటానని అందరూ అనుకుంటారు. నేను పదింటికల్లా పడుకునే మనిషిని. నేను చదివేది ఎక్స్‌రేలను. నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్‌రేలు మన గాలిని దాటి నేలమీదికి రావు. అందుకని వాటిని చూసే టెలిస్కోపును ఉపగ్రహంలో పెట్టి పైకి పంపుతారు. అది చూసినదాన్ని అంకెలుగా కిందికి పంపిస్తుంది, నేను పట్టపగలు ఫ్యాను కింద కూర్చుని ఆ అంకెలు చదువుకుంటాను. నిజం చెప్పాలంటే, పదేళ్లుగా నేను వెంటపడుతున్న నక్షత్రాన్ని నా కళ్లతో ఒక్కసారీ చూడలేదు.

అది ఒకటి కాదు, జంట. అందులో ఒకటి శ్వేత మరుగుజ్జు, అంటే మన సూర్యుడిలాంటి నక్షత్రం మండి మండి ఆరిపోగా మిగిలిన నడిమి ముద్ద. సైజు భూమంత, బరువు దాదాపు సూర్యుడంత. రెండోది ఇంకా బతికే ఉన్న మామూలు నక్షత్రం. మరుగుజ్జు దాని ఒంటిమీది వాయువును లాక్కుంటూ ఉంటుంది. లాక్కున్నది నేరుగా మీద పడదు, చుట్టూ చక్రంలా తిరుగుతూ పేరుకుంటుంది. బాగా పేరుకున్నాక ఒకరోజు ఉన్నట్టుండి ఆ చక్రమంతా భగ్గుమంటుంది. ఏ రోజన్నది ముందుగా ఎవరూ చెప్పలేరు.

నాలుగుసార్లు కాదని, ఐదోసారి ఉపగ్రహం వాళ్లు నా నక్షత్రాన్ని ఒకటిన్నర రోజు చూడటానికి ఒప్పుకున్నారు. కిందటి అక్టోబరులో సరిగ్గా ఆ ఒకటిన్నర రోజులోనే అది భగ్గుమంది. నా జన్మలో అంత అదృష్టం ఎప్పుడూ లేదు. కంటికి కనబడే వెలుగు పెరిగాక ఎన్ని గంటలకు ఎక్స్‌రే పెరిగిందో తేలితే, వాయువు ఆ చక్రం అంచు నుంచి మరుగుజ్జు దాకా ఎంతసేపట్లో చేరుతుందో తెలుస్తుంది. ఎక్స్‌రే సంగతి నా దగ్గర ఉంది. కంటి వెలుగు సంగతి మాత్రం నేలమీద నుంచి చూసినవాళ్లు చెప్పాలి. ఆ సమయానికి సగం దేశాల్లో పగలు, మిగతా సగంలో మబ్బు. చూసి రాసినవారు ఒక్కరే. ఆళ్లగడ్డలో కంబగిరి ఆచారి అనే శిల్పి.

ఇలా సరదాకు నక్షత్రాలను గమనించేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. చూసిన వెలుగును ఒక అంకెగా వెబ్‌సైటులో రాస్తారు. ఉపగ్రహం ఏ రోజు ఏ నక్షత్రాన్ని చూస్తుందో మేం అందులోనే ముందుగా చెబుతాం. ఒక్కొక్కరికీ మూడక్షరాల గుర్తు ఉంటుంది. నియమం ఒక్కటే, ఎవరి కంటితో చూసింది వాళ్లే రాయాలి. ఆచారి గారు పద్దెనిమిదేళ్లుగా రాస్తున్నారు, ఎప్పుడూ రోజుకు ఒక్క అంకె. ఆ రోజు మాత్రం మూడు రాశారు. రాత్రి ఏడున్నరకు ఒకటి, తొమ్మిదికి ఒకటి, పదిన్నరకు ఒకటి. అందులో మూడోది నా లెక్కకు ఒదగలేదు. పత్రికకు పంపిన నా వ్యాసాన్ని పరిశీలించిన పెద్దమనిషి సరిగ్గా అక్కడే వేలు పెట్టి, వీటిని నమ్మవచ్చా అని అడిగాడు. ఆచారి గారికి ఫోన్ చేస్తే "వచ్చి చూసుకో మేడం" అని పెట్టేశారు. ఆ మూడు అంకెలు పోతే నా పదేళ్ల ఎదురుచూపు సగానికి సగం నీళ్లపాలు. మంచి కోపంమీద టికెట్ కొన్నాను.

డోన్‌లో శనగ కట్ట

ఫిబ్రవరిలో ఒక పొద్దున డోన్‌లో దిగాను. నంద్యాల బండికి ఇంకా గంటన్నర టైముంది. బెంచీమీద నా పక్కన ఉయ్యాలవాడ రైతు ఒకాయన, కాళ్ల దగ్గర పచ్చి శనగ చెట్ల కట్ట పెట్టుకుని కూర్చున్నాడు. పలకరింపు, ఆరా రెండూ ఒకేసారి అయిపోయాయి.

"యాటికి పోతాండావమ్మా?"

"ఆళ్లగడ్డకు."

"ఏందీ పని? బొమ్మ చేపిచ్చుకునేకా?"

కాదని చెప్పి, టైముంది కదా అని నా జంట నక్షత్రం కథ మొత్తం చెప్పాను. ఆయన ఒక్కో కాయ ఒలిచి నోట్లో వేసుకుంటూ శ్రద్ధగా విన్నాడు.

"అంటే పక్కపక్క సేన్లోళ్ల మాదిరి. ఒకని బోరు ఇంకొకని నీళ్లు లాగుతాండాది."

"అచ్చంగా అంతే."

"సచ్చినోడు లాగుతాండాడు, బతికినోడు ఇస్తాండాడు. ఇదేం న్యాయమమ్మా?" అని నిజంగానే బాధపడ్డాడు. తర్వాత కట్టలోంచి సగం చెట్లు విరిచి నా ఒళ్లో పెట్టాడు. మా బొబ్బిలి వైపు అయితే ముందు వద్దనాలి, వాళ్లు బలవంతం చేయాలి, అప్పుడు తీసుకోవాలి. ఇక్కడ వద్దనేలోపే ఆయన లేచి వేరే ప్లాట్‌ఫాం వైపు నడిచాడు. నంద్యాల దాకా ఆ కాయలు ఒలుచుకుంటూనే ఉన్నాను. సగం కోపం అక్కడే ఖర్చయిపోయింది.

నంద్యాల ఉగ్గాణి

నంద్యాల బస్టాండు దగ్గర చిన్న హోటల్లో ఉగ్గాణి తిన్నాను. తెలియనివాళ్లకు చెబుతున్నా, అది బొరుగులను నీళ్లలో తడిపి పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పప్పుల పొడి వేసి తాలింపు పెట్టేది. మా వైపు బొరుగులను మరమరాలంటాం, సాయంత్రం పిల్లల చేతిలో పోసి ఆడుకోమంటాం. వాటితో పొద్దుటిపూట పెద్దవాళ్ల కడుపు నింపవచ్చని మాకు తోచలేదు. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. అన్నీ కలిపి నలభై రూపాయలు.

తింటూ నా గ్రాఫు కాగితం టేబులు మీద పరిచాను. అదే తప్పు. హోటలామె "ఇంగొకటి ఏస్తా తిను మా, వేడిగుంది" అని పైనుంచి బజ్జీ వదిలింది. అది ప్లేటు అంచుకు తగిలి కాగితం మీద పడింది. ఆచారి గారి మూడో అంకె పక్కనే రూపాయి బిళ్లంత నూనె మరక. ఆమె కొంగుతో అద్దబోయి, దాన్ని ఇంకొంచెం పెద్దది చేసింది. "పరీచ్చ కాయితమా?" అంది భయంగా. ఒక రకంగా అంతేనని చెప్పాను.

ఏ దేవుడి దగ్గర దించాలి

ఆళ్లగడ్డ బస్సులో కండక్టరుతో శిల్పుల దగ్గర దించమన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఆడ రోడ్డు పొడుగునా శిల్పులే. ఏ దేవుని కాడ దించాల?" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆచారి గారి పేరు చెబితే నవ్వు ఆగింది. "ఆ చుక్కల ఆచారా? పెద్ద ఆంజనేయుని కాడ దిగు" అన్నాడు. దూరాన నల్లమల కొండలు, రోడ్డుకు అటూ ఇటూ నల్లరేగడి చేలు, వాటిలో కోతకొచ్చిన శనగ. మా వైపు పచ్చదనానికి అలవాటుపడ్డ కళ్లకు ఈ నేల మొదట మొండిగా అనిపించింది. గంటసేపు చూశాక నచ్చడం మొదలుపెట్టింది.

దిగిన చోట రోడ్డంతా తెల్లటి రాతి పొడి. షెడ్ల ముందు సగం సగం చెక్కిన దేవుళ్లు నిలబడి ఉన్నారు. కొందరికి చేతులు ఇంకా రాతిలోనే ఉన్నాయి, ఎవరికీ కళ్లు లేవు. కళ్లు ఆఖరున పెడతారని తర్వాత తెలిసింది.

కంబగిరి ఆచారి గారు సన్నటి మనిషి, అరవైకి దగ్గర. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నారు. "వచ్చినావా మేడం, తిన్యావా?" అన్నారు. తిన్నానన్న నా మాటను ఎవరూ పట్టించుకోలేదు. ఆయన భార్య నరసమ్మ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా ముందు జొన్నరొట్టె, వంకాయ కూర, మా వైపు వేరుశనగ అనే చెనిక్కాయల పొడి పెట్టేసింది. ఇక్కడి మర్యాదలో అడగడమన్నది లేదని అప్పటికే నాకు అర్థమైంది.

తిన్నాక ఆచారి గారు గోనెపట్టా తీసి టెలిస్కోపు చూపించారు. చెక్క పెట్టె, ఇనప గొట్టం, అడుగున జానెడు వెడల్పు అద్దం. అది ఆయన చేత్తో అరగదీసి చేసుకున్నది.

"రాయి కంటే అద్దం మాట వింటాది మేడం. ఒక ఎండాకాలమంతా రుద్దినా. ఆఖరి మెరుగు మాత్రం ఈమె పెట్టింది. నాకు అంత ఓపిక లేదు."

"మెరుగు ఓపికతో రాదు, కండ్లతో వస్తాది" అంది నరసమ్మ వెనకనుంచి.

ఆ నెలల్లో నా నక్షత్రం సాయంత్రపు ఆకాశంలో ఉండదు, కాబట్టి అందులోంచి చూసే యోగం లేదు. నోటు పుస్తకాలు తెచ్చారు. పద్దెనిమిదేళ్లవీ ఉన్నాయి, శిల్పి చేతిరాత, ఒక్క కొట్టివేత లేదు. అక్టోబరు పేజీ దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది. "పొద్దు పోతాంది, రేపు చూద్దాం లే" అని పుస్తకం మూసేశారు. నేను లాడ్జికి వెళ్లిపోయాను. ఈ మనిషి చూడకుండానే రాశాడని నాకు ఖాయంగా అనిపించింది. కోపం రాలేదు, భయం వేసింది. ఆయన అబద్ధం రాశారంటే ఆ మూడు అంకెలే కాదు, పద్దెనిమిదేళ్లూ పోతాయి.

నమూనాల పెట్టె

మరునాడు పొద్దున వెళ్లేసరికి ఆచారి గారు లేరు, రాళ్ల లోడు తెచ్చుకోవడానికి రుద్రవరం వైపు వెళ్లారట. నరసమ్మ నల్ల గ్రానైట్ పలకను నీళ్లు పోస్తూ రుద్దుతోంది. ఆమె పక్కన చెక్కపెట్టెలో ఏడు రాతిముక్కలు వరసగా ఉన్నాయి, మొదటిది గరుకు, ఏడోది ముఖం కనబడేంత నునుపు. అవి నమూనాలు. కొనేవాళ్లు ఎంత మెరుపు కావాలో ఈ ముక్కల్లో వేలుపెట్టి చెబుతారు. రుద్దుతున్న పలకను ఆమె ఐదో ముక్క పక్కన, ఆరో ముక్క పక్కన పెట్టి చూసింది.

"ఐదుకు పైన, ఆరుకు కింద. ఐదుకే దగ్గర."

నా చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. నక్షత్రాన్ని చూసేవాళ్లు చేసేది సరిగ్గా ఇదే. పటంలో వెలుగు తెలిసిన నక్షత్రాలు కొన్ని ఉంటాయి. మన నక్షత్రం దేనికంటే ఎక్కువ, దేనికంటే తక్కువ, రెంటిలో దేనికి దగ్గర అని చూసి అంకె రాస్తారు.

"అయిపోయిందా అక్కా?" అన్నాను.

"యాడ అయితాది? తడి మీద చూసినా. ఆరినాక ఒకసారి చూడాల. ఎండ మారినాక ఇంగొకసారి చూడాల. ఒక్క చూపు నమ్మితే రాయి మోసం చేస్తాది పాపా."

మూడుసార్లు. అక్టోబరులో ఆ రోజు అంకెలూ మూడే, నడుమ గంటన్నర, గంటన్నర. నేను టీ కింద పెట్టేసి, ఎంత వీలైతే అంత మామూలుగా అడిగాను.

"అక్కా, అక్టోబరులో ఆ రోజు చూసింది నువ్వేనా?"

ఆమె చెయ్యి రుద్దడం ఆపలేదు. "ఆయప్ప చెప్పలేదా? కంట్లో రాతి ముక్క పడిండె. నంద్యాల డాక్టరు కట్టు కట్టినాడు. రెండో కన్ను ముందే మసక. పైన ఉపగ్రహం చూస్తాంటాది, కింద ఎవురూ చూడకపోతే ఎట్ల అని ఒగటే గింజుకుంటాండె. నేను చూస్తా లే అన్యా."

ఆచారి గారి అబద్ధం

ఆచారి గారు వచ్చేసరికి మేమిద్దరం అరుగుమీద పక్కపక్కన కూర్చుని ఉన్నాం. మమ్మల్ని చూడగానే ఆయనకు అర్థమైంది. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కుడి కంటి తెల్లగుడ్డులో చిన్న మచ్చ ఇంకా ఉంది.

"పద్దెనిమిదేండ్లు రాసినా మేడం. ఒక్కదినం అబద్ధం రాసినా. ఆమె చూసింది నా గుర్తు కింద రాసినా. ఇంగ అన్నీ కొట్టేస్తారు గదా?"

జీతం లేదు, బిరుదు లేదు, పగలంతా రాళ్లు కొట్టి సాయంత్రం ఎవరో ముక్కూమొహం తెలియని నాలాంటివాళ్ల కోసం ఒక్క అంకె రాసిన మనిషి. ఏమీ కొట్టేయరని చెప్పాలనిపించింది. కానీ మూడో అంకె ఇంకా నన్ను గుచ్చుతోంది. చూసింది నరసమ్మే అయినా, అది ఎందుకు ఒదగలేదు?

"ఆమె చెబితే మీరే అంకె వేశారా?" అని అడిగాను.

"అవు మేడం" అన్నారాయన. నరసమ్మ మాత్రం ఏమీ తెలియనట్టు లోపలికి పోయి, అద్దం పెట్టెలోంచి ఒక కాగితం తెచ్చింది. ఆ రోజు వాడిన నక్షత్ర పటం. "నాకు ఈ చుక్కల అంకెలు తెల్దు. గీతలు పెట్టినా" అంది. వెలుగు తెలిసిన రెండు నక్షత్రాల మధ్య గీత గీసి, వెలుగు ఎక్కడుందో ఆ గీతమీద పెన్సిలుతో చిన్న అడ్డగీత పెట్టింది. అలాంటివి మూడు. ఏడున్నర గీత ఒక జంట మధ్య. తొమ్మిది గీత వాటికంటే వెలుగైన జంట మధ్య. పదిన్నర గీత ఇంకా పైకి దూకి, అన్నిటికంటే వెలుగైన జంట మధ్య.

నేను అక్కడే లెక్క వేశాను. మొదటి రెండూ పుస్తకంలోని అంకెలతో సరిపోయాయి. మూడోది సరిపోలేదు. ఆచారి గారు ఆ వెలుగును తగ్గించి రాశారు.

"మూడు గంటల్లో అంత పెరుగుతాదా అనుకున్యా" అన్నారాయన, నేలవైపు చూస్తూ. "ఆమె కొత్త, ఎక్కువ చెప్తాందేమో అని రొంత తగ్గించినా."

అదీ సంగతి. నియమం తప్పి భార్య కంటిని తన గుర్తు కింద రాశారు. అంతటితో ఊరుకోకుండా, అనుభవం కొద్దీ ఆ కంటిని సరిదిద్దారు. నరసమ్మ పటం మీది తన మూడో గీతను వేలితో తడిమింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ముప్పై ఏండ్లు నీ రాళ్లన్నిటికీ నా చూపే చాలింది. ఒక్క చుక్కకు చాలలేదా?"

"నీ కంటిమీద కాదే" అన్నారాయన. "ఆ నక్షత్రం మీద నమ్మకం లేకపోయె."

ఆమె నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఏడ్చేశాను. నా సంచిలోంచి గ్రాఫు తీసి, నరసమ్మ మూడో గీత ప్రకారం చుక్క పెట్టాను. అది వెళ్లి నూనె మరక మధ్యలో పడింది. నా లెక్క ఉండమన్న చోటు అదే. పదేళ్లుగా కాగితాల మీద చూస్తున్న నక్షత్రం ఆ పెన్సిలు చుక్కతో నాకు మొదటిసారి కనబడ్డట్టు అనిపించింది.

నరసమ్మ కళ్లు తుడుచుకుని కాగితం మీదికి వంగింది. "ఈ పెద్దది ఏందీ? ఇది గూడా నక్షత్రమేనా?"

"అది నంద్యాల బజ్జీ అక్కా."

ముగ్గురం నవ్వాం. ఆచారి గారు అందరికంటే ఆలస్యంగా నవ్వారు, అందరికంటే ఎక్కువసేపు నవ్వారు.

తిరుగు దారి

మూడో రోజు పొద్దున పెద్ద ఆంజనేయుడి దగ్గర ఇద్దరూ బస్సెక్కించారు. నరసమ్మ ఓళిగలు కట్టిచ్చింది. మా వైపు బొబ్బట్లంటాం, ఇంత పలచగా మాత్రం చేయలేం. ఆచారి గారు కిటికీ దగ్గరికి వచ్చి, "జరిగింది జరిగినట్టు రాయి మేడం. నా పేరు చెడితే చెడనీ" అన్నారు. అట్లాగే రాస్తానన్నాను. బస్సు కదిలాక వెనక్కి చూస్తే, ఆయన తల వంచి ఏదో చెబుతున్నారు, ఆమె వినకుండా నాకు చెయ్యి ఊపుతోంది.

జరిగింది జరిగినట్టే రాశాను. కంట్లో పడ్డ రాయి, కట్టు, మూడు గీతలు, తగ్గించిన అంకె, ఏడు నమూనాలు. పటానికి ఫోటో తీసి జతచేశాను. పరిశీలించిన పెద్దమనిషి నుంచి ఆరు వారాలకు జవాబొచ్చింది. నేను చూసిన జవాబుల్లో అంత చిన్నది లేదు. "నమ్ముతున్నాను. అయితే ఆమె పేరు వేయండి." వెబ్‌సైటువాళ్లు ఆ మూడు వరసలను ఆచారి గారి గుర్తు కింద నుంచి తీసి, కొత్తగా నరసమ్మకిచ్చిన గుర్తు కింద, ఆమె గీతల ప్రకారం, పెట్టారు. మిగిలిన ఆయన పద్దెనిమిదేళ్ల అంకెల్లో ఒక్కటి కూడా కదల్లేదు. ఆ సంగతి ఫోన్లో చెబితే ఆయన మళ్లీ "వచ్చి చూసుకో మేడం" అని పెట్టేశారు. ఈసారి నాకు కోపం రాలేదు.

ఇప్పుడు శ్రావణం. నా నక్షత్రం సాయంత్రపు ఆకాశంలోకి తిరిగొచ్చింది. నిన్న పొద్దున లేచేసరికి నా ఫోన్లో నరసమ్మ మెసేజి ఉంది, ఆచారి గారి చేత కొట్టించింది. కొత్త గుర్తు వచ్చాక ఆమె మొదటి రోజు పని.

"ఏడున్నరకు మబ్బు. తొమ్మిదికి మబ్బు. పదిన్నరకు మబ్బు. మూడుసార్లూ చూసినా."

నేను ఆ మూడింటినీ నా పుస్తకంలో ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను.